గొడవలు తేల్చడానికి కమిటీ కావాలా?

గోదారిగట్టు: పాత తెలుగు పుస్తకాలు టైపు చేసి, దిద్ది నెట్‌లో పెట్టే మన బృందంలో ఈమధ్య గొడవలు ముదిరాయి. అరసున్న, బండి ఱ ఉంచాలా తీసేయాలా అన్న దగ్గర మొదలై ఇద్దరు మానేసేదాకా వచ్చింది. నా ప్రతిపాదన: ముందు ఆ పుస్తకం చర్చ పేజీలో మాట్లాడుకోవాలి. వారంలో తేలకపోతే, ఆ పుస్తకంలో చేయి పెట్టని మూడో మనిషిని అడగాలి. అప్పటికీ కుదరకపోతే ఓటుతో ఎన్నుకున్న ముగ్గురి కమిటీ చూడాలి.

పాతపుస్తకం: వద్దండీ. పని చేసేదే పాతికమంది. ముగ్గురు తీర్పులు చెబుతూ కూర్చుంటే దిద్దేదెవరు? ఇంగ్లిష్ వికీపీడియా అంతటిదే మధ్యవర్తిత్వ కమిటీని 2018లో మూసేసింది.

గోదారిగట్టు: మూసింది రాజీ కుదిర్చే కమిటీని. తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్ కమిటీ వేరు, అది 2004 నుంచి నడుస్తూనే ఉంది. వ్యాసంలో ఏం రాయాలో అది చెప్పదు, రాసేవాళ్లు ఎలా నడుచుకున్నారో చూస్తుంది. మనకు కావలసిందీ అదే. అరసున్న సంగతి కమిటీ తేల్చదు. చర్చ నడుస్తుండగానే పేజీలు మార్చేసిందెవరో అడుగుతుంది.

కందిపచ్చడి: ముగ్గురైతే ఇద్దరు కలిస్తే చాలు. ఐదుగురుండాలి.

పాతపుస్తకం: ముగ్గురే ఎక్కువంటే ఐదుగురా!

కందిపచ్చడి: మూడు మాత్రం వద్దు.

అచ్చుతప్పు: సంఖ్య తర్వాత చూద్దాం. ఒక నాటకం మొత్తం నేను దిద్దాను. తెల్లారేసరికి నా మార్పులు తీసేసి అన్ని పేజీలూ పాత రూపానికి వెనక్కి తిప్పేశారు. ఎందుకని చర్చ పేజీలో అడిగితే జవాబు లేదు.

పాతపుస్తకం: తిప్పింది నేనే. అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఉంచడం మొదటినుంచీ మన పద్ధతి. మీరు అరసున్నలన్నీ తీసేశారు. గ్రూపులో అందరం అనుకున్నాకే మార్చాను.

అచ్చుతప్పు: ఏ గ్రూపు?

పాతపుస్తకం: నిర్వాహకుల వాట్సాప్ గ్రూపు.

అచ్చుతప్పు: అందులో నేను లేనుగా! నా పని గురించి నాకు తెలియకుండా నిర్ణయించి, "అందరం" అంటారా?

పాతపుస్తకం: ఈ సైటు తెరిచిన రోజు నుంచి సర్వర్ ఖర్చు, కాపీరైటు తలనొప్పులు మేమే మోస్తున్నాం. నిన్న వచ్చినవాళ్లు సంజాయిషీ అడిగితే ఎలా?

ఓరుగల్లు: అన్నా, ఆ మాట తప్పు. మానేసిన ఇద్దరికీ అరసున్న మీద పట్టింపు లేదు. వాళ్లతోనూ ఇలాగే జరిగింది.

గోదారిగట్టు: అయితే కమిటీ కన్నా ముందు ఇంకో నియమం కావాలి. వాట్సాప్‌లో అనుకున్నది నిర్ణయం కాదు. చర్చ పేజీలో కారణం రాయకుండా ఎవరి పేజీలూ తిప్పకూడదు, నిర్వాహకులైనా సరే.

పాతపుస్తకం: కాపీరైటు ఫిర్యాదులు బయట మాట్లాడలేం. దానికి మినహాయింపు ఉండాలి.

గోదారిగట్టు: కాపీరైటు వరకు సరే.

అచ్చుతప్పు: కమిటీకి నిర్వాహకులు నిలబడకూడదు. అది రాస్తేనే నేను ఓటేస్తాను.

పాతపుస్తకం: దానికి నేను ఒప్పుకోను.

కందిపచ్చడి: మరి ఐదుగురి సంగతి?