వెన్నుపూస దెబ్బతిన్న జవాను కోసం: పెన్షన్ కాక ఇంకెక్కడ సాయం దొరుకుతుంది?

మా తమ్ముడు సిపాయి. డ్యూటీలో బండి లోయలో పడి వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపేశారు. పెన్షన్ కాగితాలు రికార్డ్ ఆఫీసులో నడుస్తున్నాయి. మంచం మీద వాణ్ణి అటూ ఇటూ తిప్పేది మరదలే, పైగా చంటిబిడ్డ. ఇప్పుడు నడుము దగ్గర పుండు పడింది, వాడికి నొప్పే తెలియలేదు. ఇలాంటివాళ్లను పట్టించుకునే సంస్థలు ఉన్నాయా?

మాజీ హవల్దార్:
అమ్మా, ముందు ఆ పుండు ఇవాళే డాక్టరుకి చూపించండి. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రోజూ అద్దం పట్టి మడమలు, తుంటి, నడుము అడుగుభాగం చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే.

ఇదంతా నేను ఖడ్కీలో నేర్చుకున్నాను. పుణె దగ్గర ఖడ్కీలో పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది, 1974 నుంచి నడుస్తోంది. వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం పెట్టిందే అది. మా రెజిమెంటు మిత్రుణ్ణి అక్కడ చేర్చాం. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి చేతుల బలంతో ఎలా జరగాలో, మూత్రం గొట్టాన్ని ఎలా శుభ్రంగా ఉంచుకోవాలో నేర్పారు. చేతులు కూడా ఆడని ఒకతను నోటితో కుంచె పట్టి బొమ్మ వేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. నా మిత్రుడు మళ్లీ గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది అక్కడే. మొహాలీలోనూ ఇలాంటి సెంటర్ ఉంది. కాలు పోయినవాళ్లకైతే పుణెలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్.

ఒక జవాను భార్య:
అక్కా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు రాయించండి. కేంద్రీయ సైనిక బోర్డు సాయానికి దారి అదే. హవల్దారు హోదా వరకు పిల్లల చదువుకు గ్రాంటు ఉంది. డిసెంబరు 7న ఫ్లాగ్ డే పేరుతో పోగయ్యే డబ్బు ఇలాంటివాటికే వెళ్తుంది.

మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ తప్పకుండా తీసుకోండి. వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందని రాశారో లేదో చూడండి, పెన్షన్ అంతా దానిమీదే. కాదని రాస్తే అప్పీలు చేయాలి, అక్కడా కాకపోతే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. వైకల్యం 100 శాతమైతే, తోడుగా మనిషి కావాలని బోర్డు రాస్తే కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్స్ వస్తుంది. మా కాగితాల్లో ఆ గడి ఖాళీగా వదిలేశారు. నింపించడానికి నేను పడ్డ తిప్పలు మీ మరదలు పడకూడదు.

అడిగినామె:
కాపీకి ఇవాళే రాస్తాం. సార్, ఖడ్కీకి మరదలు కూడా వెళ్లొచ్చా? ఆమె లేకుండా కదలనంటున్నాడు.

మాజీ హవల్దార్:
దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ మాట అడగండమ్మా. నా మిత్రుడి భార్య దగ్గరుండి అన్నీ నేర్చుకుంది.