బార్లు బిగించినా స్టీరింగ్ తేలిపోతోంది, హిచ్ ఎలా సెట్ చేయాలి?

ఫ్రిస్కో బండి:
నమస్తే అందరికీ, మేం డాలస్ పక్కన ఉంటాం. పోయిన నెల 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నాం, సామాను నింపాక దాదాపు 6000 పౌండ్లు, లాగేది హాఫ్ టన్ క్లాసు పికప్ ట్రక్కు. డీలర్ దగ్గర వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ ముక్కు బరువుని బార్లు, చైన్లతో ముందు చక్రాలకీ పంచే కొక్కెం) పెట్టారు, పది నిమిషాల్లో చైన్లు తగిలించి వెళ్లిరండి అన్నాడు. ఇంటికొచ్చే దారిలోనే స్టీరింగ్ చేతిలో లేనట్టు ఉంది, ఎదురొచ్చేవాళ్లేమో హైబీమ్ వేశాననుకుని లైట్లు కొడుతున్నారు. టేపు పెట్టి కొలిచా: ముందు ఫెండర్ ఎత్తు ట్రైలర్ లేకుండా 37 అంగుళాలు, తగిలించాక 38.5, బార్లు వేశాక 38.25. వచ్చే నెల పిల్లలతో వెస్ట్ టెక్సాస్‌లోని బిగ్ బెండ్ పార్కుకి వెళ్లాలి, ఇది సరయ్యేదాకా నేను ఎక్కనని మా ఆవిడ తేల్చేసింది.

లాంగ్‌డ్రైవ్ బాబాయ్:
జవాబు మీ కొలతల్లోనే ఉంది బ్రో. ముందు ఒకటిన్నర అంగుళం లేస్తే బార్లు పావు అంగుళమే దించాయి. కనీసం సగమైనా దిగాలి, అంటే 37.75 దగ్గరికి, మీ ట్రక్కుకి కరెక్టుగా ఎంతో మాన్యువల్‌లో చూడండి. మొదట బార్ల చైన్‌ని ఒక లింకు పైకి పట్టించి చూడండి. మరీ పొట్టి చేస్తే మలుపుల్లో చైన్ పట్టేస్తుంది, అప్పుడు వాషర్ వేసి హిచ్ హెడ్‌ని (బార్లు తగిలే ముందు భాగం) ఇంకాస్త వెనక్కి వంచాలి. చైన్ వేసేముందు జాకుతో ట్రైలర్ ముక్కునీ ట్రక్కు వెనకనీ కలిపి పైకి లేపండి, రాడ్డుతో బలవంతంగా లాగొద్దు, అది జారిందంటే పళ్లు రాలతాయి. అలాగని ఫుల్లుగా బిగించేయకండి, వెనక చక్రాలు తేలికైపోతే వర్షంలో ఇంకా డేంజర్.

గోదావరి గిత్త:
మా తాత ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి పడితే కాడి లేచిపోయేది, ముందుకి పడితే ఎద్దుల మెడ మీద భారం. ఇదీ అంతేనండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బాల్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనప గుండు) మీద పడాలి, మీకైతే 600 నుంచి 900 పౌండ్లు. తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది, వెస్ట్ టెక్సాస్ గాలికి మరీను. హిచ్ ఆ బరువుని తగ్గించదు, కొంత ముందు యాక్సిల్ మీదకి, కొంత ట్రైలర్ యాక్సిళ్ల మీదకి పంచుతుందంతే. అందుకే ట్రక్కు డోర్ మీద పేలోడ్ స్టిక్కర్ (ట్రక్కు ఎంత బరువు మోయగలదో ఉంటుంది) కూడా చూసుకోండి. ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) ఉంటే బార్లు వేసి ఒకసారి, తీసి ఒకసారి, ఒట్టి ట్రక్కు ఒకసారి తూయించండి. ట్రైలర్ తగిలించే ఉంచి బార్లు తీసినప్పుడు ట్రక్కు యాక్సిళ్ల మీద వచ్చిన బరువులోంచి ఒట్టి ట్రక్కు బరువు తీసేస్తే బాల్ మీద ఎంత పడిందో వచ్చేస్తుంది.

ఫ్రిస్కో బండి:
థాంక్యూ ఇద్దరికీ, ఒక లింకు పైకి, ఒక వాషర్. ఇప్పుడు 37.6 ఉంది, బాల్ మీద 740. ఇంకో డౌట్, 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు ఇక్కడే నింపుకుని వెళ్లాలా? మాది యాక్సిల్ వెనక ఉంది.

గోదావరి గిత్త:
అయితే అక్కడికి వెళ్లాకే నింపండి. గ్యాలన్ 8.3 పౌండ్లు లెక్కన వెనక 330 పౌండ్లు పెడితే బాల్ మీద బరువు తగ్గుతుంది, మీరు చేసిన సెట్టింగంతా మళ్లీ మొదటికొస్తుంది.