అప్‌డేట్: ఆరు పుల్లప్స్ దగ్గర ఆగిపోయానని అడిగింది నేనే

ఆర్మీలో అగ్నివీర్ జీడీ (జనరల్ డ్యూటీ) సెలక్షన్ ర్యాలీకి పరుగు పర్లేదు గానీ బీమ్ (పుల్లప్స్ తీసే అడ్డ కడ్డీ) మీద ఆరు దాటట్లేదు, ఏం చేయమంటారని అడిగాను కదా. కుర్చీ ఎక్కి గడ్డం బీమ్ పైన పెట్టి, మెల్లగా కిందికి దిగమన్న అన్నకి దండం. మొదట్లో అన్నం కలపడానికి కూడా చేతులు లేవలేదు. ఇప్పుడు ఊగకుండా తొమ్మిది లాగుతున్నా, అంటే 33 మార్కులు. పదికి 40. ఆ ఒక్కటీ ప్రాణం తీస్తోంది!

1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే 60 మార్కులు, అందుకే పరుగూ మానలేదు. 400 మీటర్ల గ్రౌండ్‌లో మూడో రౌండే నరకం, నాలుగోది ఎలాగో అయిపోతుంది. తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ (వంకర టింకర దిమ్మె మీద పడకుండా నడవడం) పాసైతే చాలు, వాటికి మార్కుల్లేవు.

అరచేతుల్లో బొబ్బలకి ఏం రాయాలో ఎవరైనా చెప్పండి. గ్లవ్స్ మాత్రం వద్దు, అలవాటైపోతే కష్టం.