సెఫ్ క్లస్టర్‌లో 4 టీబీ డిస్కుల పక్కన 16 టీబీవి పెట్టొచ్చా?

కొత్తనోడ్:
సెఫ్ (పలు సర్వర్ల డిస్కుల్ని ఒకే నిల్వగా కలిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నా. సర్వర్లు 4, ఒక్కోదాంట్లో 4 టీబీ హార్డ్ డిస్కులు 6. మూడు కాపీలు, ఫెయిల్యూర్ డొమైన్ హోస్ట్ (అంటే ఒక్కో కాపీ వేరే సర్వర్‌లో). ఇప్పుడు 16 టీబీవి 8 వచ్చాయి. సర్వర్‌కి రెండేసి పెట్టాలా, ఐదో సర్వర్ కట్టి ఎనిమిదీ అందులోనే దూర్చాలా?

మూడుకాపీలు:
ఐదో సర్వర్ మాట మర్చిపోండి. ఒక పీజీకి (ప్లేస్‌మెంట్ గ్రూప్, డేటాను పంచే గుంపు) ఒక హోస్ట్‌లో ఒక కాపీయే ఉంటుంది. పాతవి 24 టీబీ చొప్పున నాలుగు, కొత్తది 128. మొత్తం 224ని మూడుతో భాగించి 74 టీబీ చేతికొస్తుందనుకుంటారు, వచ్చేది మహా అయితే 48. దాదాపు ప్రతి పీజీ కాపీ ఒకటి ఆ సర్వర్‌లో పడుతుంది. అయినా పాతవి నిండేసరికి అది మూడోవంతు దగ్గరే ఉంటుంది. దాన్ని రీబూట్ చేస్తే క్లస్టర్ దాదాపు మొత్తం డిగ్రేడెడ్ (ఒక కాపీ తక్కువ). హోస్ట్ నియమాన్ని డేటా సమంగా సర్దే బ్యాలన్సర్ కూడా దాటదు.
రెండేసి పెట్టండి. క్రష్ (ఏ డేటా ఏ డిస్కుకో తేల్చే పద్ధతి) వెయిట్లు డిస్కు సైజుని బట్టి, 1024ల లెక్కన 3.64, 14.55 అని తనే వేసుకుంటుంది. హాయిగా నడుస్తుంది.

పీజీపంతులు:
ఆ "హాయిగా" దగ్గరే నా పేచీ. రెండేసి పెడితే సర్వర్‌కి 24 + 32 = 56 టీబీ. అంటే 57 శాతం పని రెండే డిస్కుల నెత్తిన. 7200 ఆర్‌పీఎం డిస్కు 4 టీబీదైనా 16 టీబీదైనా రాండమ్ ఐఓ (చెల్లాచెదురు రీడ్లు, రైట్లు) సెకనుకు 100 దగ్గరే ఆయాసపడుతుంది. ఆ రెండింటికీ కలిపి 200. 57 శాతానికి 200 అయితే సర్వర్ మొత్తానికి 350. ఇప్పుడు ఆరు డిస్కులతో 600 వస్తోంది కదా? డిస్కులు చేర్చి వేగం పోగొట్టుకోవడమన్నమాట.

రాత్రిడ్యూటీ:
600 నుంచి 350కా! తప్పేమో అని లెక్క మళ్ళీ వేశా. కాదు.

మూడుకాపీలు:
వెయిట్ ఉన్నది మార్చుకోవడానికే కదా. క్రష్ రీవెయిట్‌తో 14.55ని 7.28కి దించండి, 16 టీబీది 8 టీబీ దానిలా నడుచుకుంటుంది. వాటా 40 శాతం, సర్వర్‌కి 500. (ఓఎస్‌డీ అంటే ఒక్కో డిస్కుని నడిపే ప్రోగ్రామ్. దాని మామూలు రీవెయిట్ వేరు, అది 0 నుంచి 1 దాకానే. రెండూ కలగాపులగం చేయకండి.)

పీజీపంతులు:
సగం డిస్కు ఖాళీగా పడేసి కూడా 500 అన్నమాట. ఇంకా 600 కిందే.

మూడుకాపీలు:
ఖాళీ కాదు, నిల్వ. అవసరమైనప్పుడు వెయిట్ పెంచుకుంటాం. రీడ్ల భారమంటారా, పెద్దవాటి ప్రైమరీ అఫినిటీ (రీడ్లకి జవాబిచ్చే ముఖ్య కాపీ అయ్యే అవకాశం) 0.25 చేయండి, రీడ్లు చిన్నవాటికి మళ్ళుతాయి.

పీజీపంతులు:
రీడ్లకే అది. రైట్ మూడు కాపీలకీ వెళ్ళాల్సిందే. ఎరేజర్ కోడింగ్ పూల్ (కాపీలకు బదులు ముక్కలుగా దాచే డేటా విభాగం) అయితే రీడ్లకీ పనికిరాదు, ముక్కలు ఎలాగూ పలు ఓఎస్‌డీల నుంచి తేవాలి.

ఫ్లాష్‌పిట్ట:
మధ్యలో ఒక్క మాట. డీబీ (ఓఎస్‌డీ సొంత సమాచారం) ఎన్‌వీఎంఈ ఫ్లాష్ డిస్కు మీద ఉందా? 4 టీబీకి ఇచ్చిన 60 జీబీ ముక్కే 16కీ ఇస్తే బ్లూఎఫ్ఎస్ స్పిల్‌ఓవర్ (డీబీ పొంగి హార్డ్ డిస్కు మీదకి పొర్లిందనే) హెచ్చరిక రావచ్చు. 2 శాతం లెక్కన 320 జీబీ పెట్టాలి.

మూడుకాపీలు:
పంతులుగారూ, సగం ఖాళీ అని ఏడ్చేదీ మీరే, వేగం చాలదని ఏడ్చేదీ మీరే. ఏదో ఒకటి ఎంచుకోండి. ఏ థ్రెడ్‌లో చూసినా "కలపొద్దు" తప్ప మీ నోట వేరే మాట రాదు.

పీజీపంతులు:
తేలిగ్గా అంటారు. 16 టీబీది పోయి కొత్తది పెడితే ఎంతసేపటికి నిండుతుందో చెప్పండి. 85 శాతమంటే 13.6 టీబీ. సెకనుకు 150 ఎంబీ ఆగకుండా రాసినా 25 గంటలు. 4 టీబీదైతే ఆరు గంటల పైచిలుకు. ఆ 25 గంటలూ వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నత్తనడక నడుస్తుంటే ఫోన్లు మీరెత్తుతారా?

మూడుకాపీలు:
వీఎంలా? వీఎంలని ఎవరన్నారు? నేను బ్యాకప్ ఆబ్జెక్టుల సంగతి చెబుతున్నా. పెద్ద పెద్ద వరస రైట్లు. అక్కడ ఐఓపీఎస్ (సెకనుకు ఐఓలు) ఎవరడిగారు?

పీజీపంతులు:
ఆ ముక్క మొదటే అనొచ్చుగా! బ్యాకప్‌కైతే 350 చాలు. నేను మొదట్నుంచీ వేస్తున్నది వీఎం డిస్కుల లెక్క.

రాత్రిడ్యూటీ:
అడిగినాయన రెండూ చెప్పలేదు.

కొత్తనోడ్:
రెండూ ఉన్నాయండి. ఆర్‌బీడీ (వీఎం డిస్కులు), ఆర్‌జీడబ్ల్యూ (బ్యాకప్ ఆబ్జెక్టులు) పూల్‌లు అవే డిస్కుల మీద.

పీజీపంతులు:
అయితే డివైస్ క్లాస్‌తో (డిస్కుకి అంటించే రకం పేరు) విడదీయండి. కానీ డిస్కులు పెట్టేముందు పాత క్రష్ రూల్ (పూల్ ఏ డిస్కులు వాడాలో చెప్పేది) చూడండి. అందులో క్లాస్ లేకపోతే, కొత్తవాటికి ఏ పేరు పెట్టినా పాత పూల్‌లు వాటి మీదకీ పాకుతాయి. అలాగని క్లాస్ ఉన్న కొత్త రూల్‌కి పూల్‌ని మార్చారో, షాడో బకెట్ల (ఒక్కో క్లాస్‌కి సెఫ్ లోపల కట్టుకునే సర్వర్ల నకలు జాబితా) ఐడీలు వేరు కాబట్టి ఉన్న డేటా అంతా కదులుతుంది. క్రష్‌టూల్ కమాండ్‌లో రీక్లాసిఫై (డేటా కదలకుండా పాత రూల్‌కి క్లాస్ తగిలించేది) వాడి, ఎక్కించేముందు కంపేర్‌తో ఎన్ని మ్యాపింగ్‌లు మారాయో చూసుకోండి, సున్నా రావాలి. తర్వాత క్రష్ ఇనీషియల్ వెయిట్ 0 పెట్టి డిస్కులు చేర్చండి. తనంతట తాను అంటించుకున్న హెచ్‌డీడీ క్లాస్ తీసేసి కొత్త క్లాస్ ఇవ్వండి. అప్పుడు వెయిట్ 14.55. ఆర్‌జీడబ్ల్యూ డేటా పూల్‌కి ఆ క్లాస్ రూల్.

మూడుకాపీలు:
డేటా పూల్ ఒక్కటే. బకెట్ ఇండెక్స్ (ఆబ్జెక్టుల పేర్ల జాబితా) పూల్‌ని 16 టీబీల మీదకి పంపకండి, అదంతా ఓమ్యాప్ (కీ-విలువల పట్టిక), చిన్న చిన్న ఐఓ.
అంటే పంతులుగారూ, చివరికి కలపమనేగా మీరన్నది?

పీజీపంతులు:
ఒకే సర్వర్‌లో పెట్టమన్నా. ఒకే పూల్‌లో కాదు.

మూడుకాపీలు:
సరే, అలాగే అనుకోండి.

కొత్తనోడ్:
రూల్ డంప్ చూశా. అన్ని పూల్‌లకీ క్లాస్ లేని ఒకే పాత రూల్. డిస్కులు ఇంకా డబ్బాల్లోనే ఉంచుతున్నా.