రీల్ కింద ధర రాయాలా, ‘ఇన్‌బాక్స్ చూడండి’ అనాలా?

మూడోతరం_మగ్గం
అందరికీ నమస్తే. మాది భూదాన్ పోచంపల్లి. తాత నేసేటోడు, నాయన మాస్టర్ వీవర్ అయిండు, అంటే పట్టు ఇచ్చి వేరేటోళ్లతోని నేయించేటోడు, ఇప్పుడు నేను చూసుకుంటున్న. మా కింద 40 మగ్గాలు నడుస్తున్నయి. ముప్పయి ఏండ్ల సంది సరుకంత హైదరాబాద్, విజయవాడ షాపులకే పోయేది. 2020ల లాక్‌డౌన్ పడంగనే షాపులోళ్లు ఆర్డర్లు ఆపిండ్రు, పాత బాకీలు కూడ ఆపిండ్రు. అప్పుడు మా చెల్లె వాట్సాప్‌ల చీరల ఫోటోలు పెట్టుడు మొదలుపెట్టింది. అదే ఇన్‌స్టా పేజీ అయింది. ఫాలోవర్లు 11 వేలు ఉన్నరు గని, అమ్మకం నెలకు పదిహేను చీరలు దాటుతలేదు.

హైదరాబాద్‌ల ఒక యాడ్ ఏజెన్సీ పేజీ నడిపేటందుకు నెలకు 45 వేలు, యాడ్ ఖర్చు వేరే అంటున్నది. ధర ఎక్కడ రాయొద్దంట, అడిగినోళ్లకు ఇన్‌బాక్స్‌ల చెప్పాలెనంట. నేను కెమెరా ముందటికి రావొద్దంట, మోడల్‌ను పెట్టాలెనంట. నాయనేమో “షాపులోళ్లను కాదని ఎంత దూరం పోతవ్‌రా” అంటుండు. అనుభవం ఉన్నోళ్లు చెప్పుండ్రి.

డాలస్_పిన్ని
ధర రాయి బాబూ. ఒక్క ముక్కలో అయిపోయింది.

రాత్రి పిల్లలు పడుకున్నాక అరగంట కూర్చుని చీరలు చూస్తాను. చీర బాగుంటుంది, ధర ఉండదు. “ప్రైస్ ప్లీజ్” అని రాస్తే “ఇన్‌బాక్స్ చూడండి మేడమ్”. ఇన్‌బాక్స్‌లో ముందు “ఏ ఊరు మేడమ్?” అంటారు. అమెరికా అనగానే రేటు పైకి లేస్తుంది. నేనూ, గుంటూరులో మా ఆడపడుచూ ఒకే పేజీలో ఒకే చీర అడిగాం. నాకు 16,500, తనకు 12,000. ఇంకో పేజీవాళ్లు ఇకత్ అని చెప్పి ప్రింటు చీర పంపారు. తిరగేస్తే వెనకవైపు రంగు వెలిసిపోయినట్టుంది. అసలు ఇకత్‌లో దారానికే రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుందని నాకు ఆ తర్వాతే తెలిసింది. ధర దాచేవాడు ఇంకేం దాస్తాడో ఎవరికి తెలుసు?

బెజవాడ_యాడ్స్
పిన్నిగారి బాధ నిజమేనండి. కానీ ఒక్క కొనుగోలుదారు కోపం మీద వ్యాపారం నడవదు. నేను ఎనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, విషయం చెబుతాను.

రీల్ కింద కామెంట్లు పడుతుంటే ఇన్‌స్టా దాన్ని ఇంకొంతమందికి చూపిస్తుంది. “ప్రైస్ ప్లీజ్” అని వంద కామెంట్లు పడితే అది మీకు ఉచితంగా వచ్చే ప్రచారం. ధర రాసేస్తే జనం అంకె చూసి వేలితో పైకి తోసేస్తారు. పన్నెండు వేల చీర పక్కనే రెండు వేల ప్రింటు చీర కనబడుతుంటే, తేడా చెప్పే అవకాశం మీకెక్కడ దొరుకుతుంది? మాటల్లోకి దింపితేనే దొరుకుతుంది. అందుకే నొక్కగానే నేరుగా వాట్సాప్‌కి వచ్చే యాడ్లు పెట్టమంటాం.

ఇంకోటి. పోస్టు కింద కనిపించే బూస్ట్ బటన్ నొక్కి డబ్బు తగలేయకండి. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్తే ఎవరికి చూపాలి, దేనికోసం చూపాలి అన్నది మీ చేతిలో ఉంటుంది. పదివేలు పెడితే పైన 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుందని లెక్క వేసుకోండి. చాలామంది అది మర్చిపోయి మమ్మల్ని తిడతారు.

సైలెంట్_రీడర్
ప్రైస్ ప్లీజ్ 😄

తెనాలి_బట్టలకొట్టు
ధర సంగతి తర్వాత. మోడల్ ఎందుకయ్యా? లలితా జ్యువెలరీ ఆయన్ని చూడండి. గుండు చేయించుకుని స్వయంగా వచ్చి “డబ్బులు ఊరికే రావు” అన్నాడు. ఇవాళ చంటిపిల్లాడిని అడిగినా ఆ మాట చెబుతాడు. హీరోయిన్లని పెట్టిన కొట్లన్నీ ఒకలాగే కనబడతాయి. నీ మొహం నీ కొట్టుకి బోర్డు.

ఇక ఏజెన్సీ మాట. మాకు జరిగింది చెబుతా. 2019లో ఒకళ్లకి అప్పజెప్పాం. పేజీ వాళ్ల ఈమెయిల్ మీద తెరిచారు, యాడ్ అకౌంటూ వాళ్లదే. ఏడాదిన్నర తర్వాత లెక్క అడిగితే మాటా మాటా పెరిగింది. పేజీ పోయింది. మా కొట్టు ఫోటోలు, మా కస్టమర్ల మెసేజీలు, అన్నీ. కొన్నాళ్లకి అదే పేజీ పేరు మార్చి వేరే కొట్టుకి నడిపారు! మా కస్టమర్లు అక్కడికెళ్లి “అన్నయ్యగారూ, ఇది మీ రెండో బ్రాంచా?” అని అడిగారట.

బెజవాడ_యాడ్స్
ఎవరో ఒకరు మోసం చేశారని అందర్నీ ఒకే గాటన కట్టకండి బాబాయ్‌గారూ. పేజీ, యాడ్ అకౌంటు యజమాని పేరు మీద తెరిచి ఏజెన్సీకి పని చేసుకునే అనుమతి మాత్రమే ఇవ్వాలి. మేమలాగే చేస్తాం.

తెనాలి_బట్టలకొట్టు
అందరూ మొదటిరోజు అలాగే చెబుతారు.

బెజవాడ_యాడ్స్
మీరు కాగితం రాయించుకోకపోతే అది మా తప్పా?

తెనాలి_బట్టలకొట్టు
నేను నిన్నన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావేం?

కరీంనగర్_గాజులు
మీరిద్దరు బయటికి పోయి కొట్లాడుండ్రి. నాకు టిక్‌టాక్‌ల 80 వేల మంది ఉండిరి. 2020 జూన్ 29 రాత్రి బ్యాన్ అన్నరు, తెల్లారేసరికి నా దుకాణం సున్నా. మళ్ల 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఆరు గంటలు ఆగిపోయినయి. ఆ రోజు బతుకమ్మ ఆర్డర్లు చూసుకునే టైం మాకు. అప్పటిసంది కొన్న ప్రతి ఒక్కల నంబరు నోట్‌బుక్కుల రాసుకుంటున్న. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌ల ఒక్క లిస్టుకు 256 మందే, అది గూడ వాళ్లు మన నంబరు సేవ్ చేసుకుంటెనే పోతది. అందుకే గాజుల డబ్బల చీటి పెడుత: “నంబరు సేవ్ చేసుకో అక్కా, కొత్త డిజైన్ ముందు నీకే పంపుత.” ఏజెన్సీ ఏం చేస్తది ఇంతకన్న?

సీఏ_చదువుతున్నా
ఎవరూ చట్టం మాట ఎత్తలేదు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల్లో మొత్తం ధరను ఒక్క అంకెలో చూపాలని ఉంది. ధర దాచడం అంటే ఆ నియమాన్ని తప్పడమే.

బెజవాడ_యాడ్స్
అది సైట్లో కార్టు, చెల్లింపు ఉన్నవాళ్ల సంగతి తమ్ముడూ. ఇన్‌స్టాలో ఫోటో పెట్టి వాట్సాప్‌లో మాట్లాడితే ఈ-కామర్స్ ఎలా అవుతుంది?

సీఏ_చదువుతున్నా
డిజిటల్ నెట్‌వర్క్ మీద అమ్మితే ఈ-కామర్సే. చట్టంలో నిర్వచనం చదవండి. ఇంకోటి, మీరు ఇన్‌ఫ్లుయెన్సర్లకి చీరలు ఊరికే పంపిస్తారుగా? డబ్బు తీసుకోకుండా వస్తువు మాత్రమే ముట్టినా అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో వినియోగదారుల శాఖ చెప్పింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా.

బెజవాడ_యాడ్స్
ఇప్పుడు చీర అమ్మడానికి వకీలుని కూడా పెట్టుకోమంటావా?

సీఏ_చదువుతున్నా
చట్టం చెబితే వెక్కిరిస్తారేంటండీ? సెక్షన్ చూపించమంటారా?

సైలెంట్_రీడర్
సెక్షన్ ఇన్‌బాక్స్ చెయ్యి తమ్ముడూ.

చందానగర్_శ్రీను
అసలు యాడ్లే దండగ. కుమారి ఆంటీ ఏ ఏజెన్సీకి ఇచ్చింది? మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం పెడుతుంటే జనమే వీడియోలు తీశారు. వైరల్ అవ్వాలి బ్రో, వైరల్.

మూడోతరం_మగ్గం
శ్రీను అన్నా, అదే 2024 జనవరిల జనం ఎక్కువై ట్రాఫిక్ ఆగిందని పోలీసులు ఆమె బండి తీసేయమన్నరు. ముఖ్యమంత్రి కలగజేసుకుంటెనే మళ్ల నడిచింది. మాకు ఎవరు కలగజేసుకుంటరు?

మా దగ్గర మగ్గం మీద ఒక వార్పు (పడుగు) ఎక్కిస్తే ఏడెనిమిది చీరలు. దారానికి చిటికి కట్టి (రంగు అంటొద్దన్న కాడ గట్టిగ చుట్టి), రంగులు అద్ది, నేసి దించేసరికి నెలన్నర. రీల్ వైరల్ అయితే మూడువందల మంది అదే చీర అడుగుతరు, ఉన్నయి ఎనిమిది. మిగిలినోళ్లకు ‘అయిపోయింది’ అంటే కోపం. “అట్లనే ఇంకొకటి నేయిస్త, రెండు నెలలు ఆగుండ్రి” అంటే అడ్వాన్సు వాపస్ అడుగుతరు. ఏజెన్సీ పిల్లగాడు మా ఇంటికొచ్చి “స్టాక్ ఎంత స్కేల్ చేయగలరు సార్” అన్నడు. మగ్గం చూపిచ్చిన. సప్పుడు చెయ్యలే.

బెజవాడ_యాడ్స్
అదిగో, మీరే జవాబు చెప్పారు. ఎనిమిది చీరలే ఉన్నప్పుడు ధర రాసి లక్షమందికి చూపడం దండగ. కొనేవాళ్లు ఎనిమిది మంది చాలు. వాళ్లతో మాట్లాడండి, ఇన్‌బాక్స్‌లో.

డాలస్_పిన్ని
మాట్లాడి, ఏ ఊరో కనుక్కుని, మొహం చూసి బొట్టు పెట్టండి. సూటిగా అడుగుతున్నా మగ్గం అబ్బాయ్: నీ చీరకి ఒక ధర ఉందా లేదా? ఉంటే రాయడానికి సిగ్గెందుకు? దాస్తున్నావంటే మోసం ఉన్నట్టే.

మూడోతరం_మగ్గం
పిన్నిగారూ, మోసం అన్నరు కాబట్టి చెప్తున్న. అమెరికా రేటు, ఆంధ్ర రేటు అని మా ఇంట్ల లేదు.

పోయిన దసరాకు ఒక్క రీల్ కింద 9,800 అని రాసిన. సాయంత్రానికి హైదరాబాద్ నుంచి ఫోన్. ముప్పయి ఏండ్ల సంది మా దగ్గర కొంటున్న షాపు. “నువ్వు 9,800కు అమ్ముకుంటే మా దగ్గర 14 వేలకు ఎవరు కొంటరు? ఇగ నీ సరుకు నీ పేజీలనే అమ్ముకో” అన్నరు. పది నిమిషాల్ల ఇంకో షాపు. మా అమ్మకంల ఎక్కువ వంతు ఇంకా ఆ షాపులదే. నాయన నా ఫోన్ గుంజుకొని ఆ అంకె తీసేయిచ్చిండు. నెలకు పదిహేను చీరల కోసం 40 మగ్గాలు ఆపుకోవాల్నా? ధర దాసుడు మీ కోసం కాదు, ఆళ్ల కోసం.

డాలస్_పిన్ని
మరి మొదటే ఈ సంగతి చెప్పొచ్చుగా నాయనా! రెండు రోజుల్నించి అందరం గాలిలో కత్తులు తిప్పుతున్నాం.

తెనాలి_బట్టలకొట్టు
నేను షాపువాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఆ షాపుల కోపంలో న్యాయం ఉంది. మేం సరుకు ముందే కొని బీరువాలో పెట్టుకుంటాం, అద్దె కడతాం, వంద చీరలు విప్పి చూపిస్తే రెండు పోతాయి. నువ్వు ఇంట్లో కూర్చుని మా కంటే నాలుగు వేలు తక్కువకి రాస్తే మేం దొంగల్లా కనబడతాం. షాపులకిచ్చే డిజైన్లు వేరే పెట్టు, పేజీలో అమ్మేవి వేరే నేయించు. వాటికి ధర రాసుకో.

చిటికి_కట్టే_చెయ్యి
చాన దినాల సంది చదువుడే గని ఎప్పుడు రాయలే. మాది పోచంపల్లి పక్క ఊరే. నాయన నేస్తడు, అమ్మ చిటికి కడ్తది. నేను డిగ్రీ అయిపోయి ఇంటికాడ ఉన్న.

అన్నా, షాపులోళ్ల కోసమే ధర దాస్తున్న అన్నరు. అది సగమే. ఆ అంకె మాకు కనబడొద్దని గూడ. మీ పేరు తియ్యను, మీ మగ్గం కాదు మాది. మేము వేరే ఆసామి (మాస్టర్ వీవర్) కింద నేస్తున్నం. పోయినేడు మా నాయన నేసిన చీరను ఒక పేజీల చూసిన. అంచు మీద చిలుకలు నేనే గీసిన, గుర్తుపట్టనా? కింద ఎవరో “ప్రైస్” అని అడిగితే ‘ఇన్‌బాక్స్’ అన్నరు. నా దోస్తుతోని అడిగిపిచ్చిన. 14,500. నాయనకు ఆ చీరకు ముట్టిన మజూరీ 3,200. నెలన్నర వార్పు, ఇంట్ల ముగ్గురి చేతులు.

ఆసు పోసుడుకు, అంటే నేతకు ముందు దారాన్ని మొలల చుట్టు తిప్పుడుకు, ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడాలె. ఆ పని చేసే మిషన్ మల్లేశం సార్ తయారు చేసినంకనే మా అమ్మ భుజం బతికింది. రీళ్లల్ల ఆ మిషన్ చూపిస్తరు, రంగు చేతులు చూపిస్తరు, వెనక పాట పెడ్తరు. చేతులు ఎవరివో రాయరు. మొహం పెట్టాల్నా వద్దా అని ఇంతమంది కొట్లాడిండ్రు గద, ఎవరి మొహం అని ఒక్కలన్న అడిగిండ్రా?

సైలెంట్_రీడర్
…

మూడోతరం_మగ్గం
చెల్లే, 14,500ల నుంచి 3,200 తీసేస్తే మిగిలింది అంత లాభం కాదు. పట్టు మాది, రంగులు మావి, డిజైన్ గీయిచ్చుడు మాది. చిటికి మజూరీ వేరే ఇస్తం. అమ్ముడుపోని చీరలు మా బీరువాలనే మురుగుతయి. షాపులోళ్లు ఆరు నెలలకు పైసలిస్తరు, నేతగాళ్లకు మేము వారం వారం ఇయ్యాలె. ఆ వడ్డీ ఎవరు కడుతరు?

చిటికి_కట్టే_చెయ్యి
అన్నా, లెక్క తప్పని నేను అంటలేను. మీరు ఇప్పుడు ఇక్కడ చెప్పిన లెక్క మాకు ఎప్పుడన్న చెప్పిండ్రా? పట్టు ఎంత, వడ్డీ ఎంత అని? అది గూడ ఇన్‌బాక్సే.

బెజవాడ_యాడ్స్
అమ్మా, నువ్వు చెప్పిందంతా సరే. కానీ మజూరీ చర్చకి ఇది చోటు కాదేమో. ప్రశ్న మార్కెటింగ్ గురించి.

కరీంనగర్_గాజులు
గిదే మార్కెటింగ్ అన్నా. పిల్ల చెప్పిన నాలుగు ముచ్చట్లు వీడియో తీసి పెడితే నీ 45 వేల కంటే ఎక్కువ అమ్ముతది.

చిటికి_కట్టే_చెయ్యి
మా కష్టం రీల్ తీసి చీర అమ్ముకునుడే గద మళ్ల. గది కాదు నేను చెప్పింది.

డాలస్_పిన్ని
అమ్మాయ్, నువ్వు సొంతంగా పేజీ పెట్టు. మొదటి చీర నేను కొంటా. ధర రాయి, చాలు.

చిటికి_కట్టే_చెయ్యి
పట్టు ఎవరిస్తరు పిన్నీ? నాయన పాత అప్పు ఆసామి దగ్గరనే ఉన్నది. అది తీరేదాంక వేరేటోళ్లకు నేయొద్దు.

మూడోతరం_మగ్గం
రెండు రోజులు ఇటు రాలే. ఏజెన్సీకి వద్దని చెప్పిన. తెనాలి పెద్దాయన చెప్పినట్టు ఒక్క వార్పు షాపులకు ఇయ్యని డిజైన్‌ల ఎక్కిస్తున్న. ఎనిమిది చీరలకు ధర రాసి పెడుత, నేసినాయన పేరు కూడ రాస్త, ఆయన ఒప్పుకుంటెనే. షాపులోళ్ల ఫోన్ వస్తే నేనే మాట్లాడుత, నాయనకు ఇయ్య.

బెజవాడ_యాడ్స్
మంచిదేనండి. నాలుగు చీరలకి ధరతో, నాలుగింటికి ధర లేకుండా యాడ్ పెట్టండి, వారం రోజులు, ఒకే ఖర్చుతో. ఎవరి మాట నిజమో అదే తేలుస్తుంది. డబ్బులు తీసుకోకుండానే నేను సెట్ చేసిస్తా.

తెనాలి_బట్టలకొట్టు
అకౌంటు నీ పేరు మీదే తెరువు బాబూ.

చిటికి_కట్టే_చెయ్యి
చీర ధర పక్కన మజూరీ కూడ రాస్తరా అన్నా?

మూడోతరం_మగ్గం
నాయన ఊర్ల లేడు. వచ్చినంక అడిగి చెప్త.