టీవీ సైన్స్ ఫిక్షన్‌లో గొప్ప తల్లి ఎవరు? పట్టం జాయిస్‌కే కట్టాలా?

గవర్నర్‌పేట పాఠకుడు (చర్చ ప్రారంభం):

మొన్న ఆదివారం విజయవాడలో మన సభ్యులం కొందరం కలిసినప్పుడు మొదలై, ఎటూ తేలకుండా మిగిలిపోయిన వాదాన్ని ఇక్కడ కొనసాగిద్దామని ఈ చర్చ తెరుస్తున్నాను. సైన్స్ ఫిక్షన్ ధారావాహికల్లోని తల్లి పాత్రల్లో అగ్రస్థానం ఎవరిది? సినిమాలను కలపవద్దని మనవి. కథల ముగింపులు కూడా చర్చకు వస్తాయి కనుక, ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నా ఓటు 'స్ట్రేంజర్ థింగ్స్'లోని జాయిస్ బయర్స్‌కు. 2016లో వచ్చిన మొదటి సీజనే నాకు ఆధారం. అమెరికాలో హాకిన్స్ అనే కల్పిత పట్టణంలో, 1983 నవంబరులో, ఆమె చిన్న కొడుకు విల్ మాయమవుతాడు. భర్త నుంచి విడిపోయి, ఒక దుకాణంలో పనిచేస్తూ ఇద్దరు మగపిల్లలను సాకుతున్న మనిషి ఆమె. విల్ ఊపిరి వినిపించిన టెలిఫోను కాలిపోతే, కొత్తది కొనడానికి చేతిలో డబ్బు లేక యజమానిని జీతం అడ్వాన్సు అడుగుతుంది. ఇంట్లో దీపాలు తీరొక్క తీరున వెలిగి ఆరుతుంటే, అందరూ భయపడి పారిపోయేచోట ఆమె క్రిస్మస్ దీపాల తీగలు తెచ్చి గోడ నిండా వేలాడదీస్తుంది. గోడకు అతికించిన పూలకాగితం మీద నల్లరంగుతో అక్షరాలన్నీ రాసి, ఒక్కో అక్షరానికి ఒక్కో బల్బు కేటాయిస్తుంది. ఎక్కడున్నావని అడిగితే ఒక్కొక్క బల్బే వెలిగి, ఇక్కడే ఉన్నానని జవాబు వస్తుంది. ఆ వెంటనే, పారిపొమ్మని హెచ్చరిక వస్తుంది.

దీనిని చాలామంది తల్లి పిచ్చిప్రేమగా చూస్తారు. నేను ప్రయోగంగా చూస్తాను. ఆ పట్టణంలో పేరుమోసిన ప్రయోగశాల ఒకటున్నా, ఎదుట జరుగుతున్నదాన్ని గమనించి, ఊహించి, పరికరం తయారుచేసి, ప్రశ్న వేసి జవాబు రాబట్టిన వ్యక్తి ఈ దుకాణ ఉద్యోగినే. రాతిగని నీటిలో విల్ శవం దొరికిందని పోలీసులు చెప్పినప్పుడు, మాజీ భర్తతో సహా అందరూ ఆమెకు మతి చెడిందన్నప్పుడు కూడా ఆమె తన ఆధారాలను వదులుకోలేదు. ఆ శవంలో ఉన్నది దూది అని తర్వాత తేలింది. జాయిస్‌గా నటించిన వినోనా రైడర్ అరుపులు మరీ ఎక్కువయ్యాయని ఆదివారం ఒకరు అన్నారు. బిడ్డ గోడలో నుంచి మాట్లాడుతుంటే ఎవరైనా ఎంత మెల్లగా మాట్లాడగలరో వారే చెప్పాలి.

బ్రాడీపేట లెక్చరర్:

గవర్నర్‌పేట వారి ప్రయోగం మాట బాగుంది, కాదనను. అయితే ఆ కథలో జాయిస్ ఏది నమ్మితే అదే నిజమవుతుంది. తల్లి మనసు తప్పు చెప్పదనే మన పాత నమ్మకాన్ని ఆ కథ ముందునుంచే ఒప్పేసుకుంది. పందెం ముందే గెలిపించిన గుర్రాన్ని మెచ్చుకోవడంలో నాకు అంత ఉత్సాహం లేదు. తల్లి మనసు ఒకచోట ఆకాశానికెత్తి, మరొకచోట మనిషిని హంతకురాలిని చేసే పాత్ర నాకు కావాలి. అది 2004 నుంచి 2009 వరకు నడిచిన 'బాటిల్‌స్టార్ గలాక్టికా'లోని షారన్, అంటే అథీనా.

ఆమె మనిషి కాదు, మనుషులతో యుద్ధం చేసే సైలాన్ అనే యంత్రజాతిలో మనుషుల రూపంలో తయారైనది. కార్ల్ అగథాన్ అనే మానవ అధికారితో ఆమెకు హేరా అనే ఆడపిల్ల పుడుతుంది. ఆ పసికందు శత్రువుల చేతికి చిక్కుతుందన్న భయంతో, అధ్యక్షురాలు లారా రోస్లిన్ బిడ్డ చనిపోయిందని తల్లిదండ్రులను నమ్మించి, రహస్యంగా మరొక స్త్రీకి అప్పగిస్తుంది. బిడ్డ బతికే ఉందని, సైలాన్ల ఓడలో ఉందని తెలిశాక అథీనా ఏం చేసిందో గుర్తు చేసుకోండి. సైలాన్ చనిపోతే ఆమె స్పృహ వారి ఓడలోని కొత్త శరీరంలోకి చేరుతుంది. అందుకని తనను కాల్చమని భర్తనే కోరుతుంది, అతడు కన్నీళ్లతోనే తుపాకీ పేలుస్తాడు. అక్కడ మేల్కొని, బిడ్డను ఎత్తుకుని తిరిగి వస్తుంది. ప్రాణత్యాగం అని మనం అలవాటుగా వాడే మాటను కథ ఇక్కడ ఒక దారిగా, ఒక వాహనంగా మార్చింది. సైన్స్ ఫిక్షన్ తప్ప ఇంకో ప్రక్రియ ఈ పని చేయలేదు.

ఆ తల్లే నాలుగో సీజన్‌లో, ఒక పీడకలను నమ్మి, హేరాను ఎత్తుకుపోతుందన్న అనుమానం ఒక్కటే చేతపట్టుకుని, మనుషులతో సంధి కోసం వచ్చిన సైలాన్ నాయకురాలు నటాలీని కాల్చి చంపుతుంది. నటాలీ ఆ క్షణంలో బిడ్డతో మాట్లాడుతోంది, అంతే. బిడ్డ మీద ప్రేమ ఒకటే, పని రెండు రకాలు. జాయిస్‌కు ఈ రెండో పరీక్ష ఎవరూ పెట్టలేదు.

కృష్ణలంక విద్యార్థి:

పెద్దలు క్షమిస్తే నాదొక చిన్న మాట. అంతరిక్షంలో దారి తప్పిన రాబిన్సన్ కుటుంబం కథ 'లాస్ట్ ఇన్ స్పేస్' రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1965 నాటి మొదటి ధారావాహికలో మౌరీన్ రాబిన్సన్ జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందిన మనిషి, కానీ గ్రహాంతరంలోనూ ఎక్కువగా వంట, బట్టలు, భోజనాల బల్ల దగ్గరే కనిపిస్తుంది. 2018 నాటి మౌరీన్ ఇంజినీరు, నౌకకు ఏ ఆపద వచ్చినా లెక్కలు ఆమెవే. ఆ మౌరీన్, కొడుకు విల్ ప్రయాణ అర్హత పరీక్షలో తప్పితే, అక్రమంగా ఫలితం మార్పించి సీటు సంపాదిస్తుంది. ఇంటర్ హాస్టళ్ల మధ్య పెరిగిన బెజవాడ వాడిగా ఆ ఘట్టం చూసి నేను గట్టిగా నవ్వాను. మా అమ్మ నవ్వలేదు.

మంగళగిరి వాసి:

కన్నతల్లుల గురించే అందరూ రాస్తున్నారు. పెంచిన తల్లి లెక్కలోకి రాదా? 2022లో వచ్చిన 'స్టార్ వార్స్' లోకపు ధారావాహిక 'యాండోర్'లోని మార్వాకు నా ఓటు. కెనారి గ్రహం మీద కూలిన ఓడలో దొరికిన అనాథ పిల్లవాడిని తెచ్చుకుని కాసియన్ అని పేరు పెట్టి పెంచుతుంది. కొడుకు డబ్బు తెచ్చి, సామ్రాజ్యపు సైన్యం నీడ పడని చోటికి వెళ్దాం రమ్మంటే, ముసలితనంలో, నడవలేని ఒంటితో, ఊరు విడిచి రానంటుంది. చనిపోయాక ఆమె అంత్యక్రియల్లో ఆమె ముందే రికార్డు చేసిన సందేశం వీధిలో వెలుగుబొమ్మగా లేచి, ఊరివారిని సైన్యం మీద తిరగబడమంటుంది. అక్కడి ఆచారం ప్రకారం ఆమె చితాభస్మంతో ఇటుక చేశారు. ఆ ఇటుకతోనే ఆమె స్నేహితుడు బ్రాసో ఒక సైనికుడి తల పగలగొడతాడు! చచ్చి కూడా దెబ్బ కొట్టిన తల్లి ఇంకెవరున్నారు? మన యశోద కన్నది కాదు, అయినా కృష్ణుడి తల్లి అంటే మనకు ముందు గుర్తొచ్చేది ఆమే.

బ్రాడీపేట లెక్చరర్:

మంగళగిరి వాసి గారు, ఇటుక విషయంలో గెలుపు మీదే. యశోద పోలికను మాత్రం ఒప్పుకోలేను. రాత్రికి రాత్రి పిల్లల మార్పిడి జరిగినట్టు యశోదకు తెలియదు. మార్వాకు అంతా తెలుసు. ఆ పిల్లవాడికి మత్తు ఎక్కించి, అతని భాష తనకు రాకుండానే, అతని చెల్లెలు ఆ గ్రహం మీదే మిగిలిపోతుండగా ఓడ ఎక్కించింది. సైనికులు వచ్చి చంపేస్తారన్నది ఆమె కారణం, అది నిజమే కావచ్చు. కానీ కాసియన్ ఆ చెల్లెలి కోసం ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నాడు. రక్షించడమూ ఎత్తుకుపోవడమూ ఒకే చేతులతో జరిగిన పాత్ర అది. ఆమె గొప్పతనాన్ని అక్కడ వెతకాలి, యశోద దగ్గర కాదు.

పటమట ప్రేక్షకురాలు:

ఇంతవరకు వచ్చిన పేర్లన్నీ బిడ్డను దక్కించుకున్న తల్లులవే. బిడ్డ దక్కని తల్లి సంగతేమిటి? 'ది ఎక్స్‌పాన్స్'లోని నయోమీ నగాటా పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

మార్కో ఇనారోస్ అనే తీవ్రవాద నాయకుడితో ఆమె చిన్నవయసులో కలిసి జీవించింది. ఆమె రాసిన ప్రోగ్రాంతోనే అతడు జనమున్న ఓడను పేల్చివేశాడు. ఆమె విడిపోదామనుకున్నప్పుడు, పసివాడైన ఫిలిప్‌ను ఆమెకు అందకుండా దాచాడు. ఆమె కొడుకును వదిలి వెళ్లిపోయింది. ఈ ఒక్క వాక్యం వల్ల ఆమెను తల్లుల జాబితాలోంచి కొట్టేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

అయిదో సీజన్‌లో కొడుకును తప్పించడానికి తన డబ్బుతో ఒక చిన్న ఓడ కొనిపెట్టి, అది తీసుకుని వెళ్లిపొమ్మని అతని ముందుకు వస్తుంది. పెద్దవాడైన ఫిలిప్ ఆమెను బంధించి తండ్రికి అప్పగిస్తాడు. మార్కో అదే ఓడలో పేలుడు పదార్థాలు నింపి, ఆమె గొంతుతో దొంగ ఆర్తనాదం పెట్టి, ఆమె స్నేహితులను రప్పించే ఎరగా వదులుతాడు. ఆమె అంతరిక్ష దుస్తులు లేకుండా, ప్రాణవాయువు కలిపిన మందు ఒంట్లోకి ఎక్కించుకుని, శూన్యంలోకి దూకి ఆ ఓడను చేరుతుంది. వాచిన ముఖంతో, పగిలిన పెదాలతో ఒంటరిగా ఆ సందేశపు ప్రసారాన్ని మాటిమాటికీ తెంపి, సాయం కోరే మాటలు కాస్తా తాను క్షేమమనే అర్థం వచ్చేలా చేస్తుంది. నయోమీగా నటించిన డొమినిక్ టిప్పర్ దాదాపు సంభాషణలే లేకుండా ఆ భాగమంతా మోసింది. జాయిస్ గోడ దగ్గర చేసినదాన్ని ప్రయోగమంటే, దీనికి ఇంకా పెద్ద పేరు పెట్టాలి. అక్కడ సంకేతం వినాలి, ఇక్కడ చెడగొట్టాలి.

గవర్నర్‌పేట పాఠకుడు:

పటమట వారి వర్ణన చదివాక ఆ భాగం మళ్లీ చూడాలనిపిస్తోంది. కానీ అభ్యంతరం ఉంది. ఆమె అలా దూకడం స్నేహితుల కోసం, కొడుకు కోసం కాదు. పైగా ముగింపులో, 2022 జనవరిలో వచ్చిన చివరి భాగంలో, మార్కో ఓడను, దూర నక్షత్రలోకాలకు ద్వారమైన వలయంలో మాయం చేసే ఉపాయం ఆమెదే. అందులో ఫిలిప్ ఉన్నాడని నమ్ముతూనే ఆమె ఆ పని చేసింది. తెలిసి కొడుకును బలి ఇచ్చిన స్త్రీని ధీర అనండి, మహావీరురాలు అనండి, నేనూ అంటాను. గొప్ప తల్లి అని ఎలా అంటాము?

పటమట ప్రేక్షకురాలు:

ఆమె చేసిన ఆ పని మీద లక్షలమంది ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. వాళ్లలోనూ తల్లులూ పిల్లలూ ఉన్నారు. వాళ్ల సంగతి ఆలోచించకుండా తన ఒక్క బిడ్డనే చూసుకునే ప్రేమ ఎంతవరకు పోతుందో బ్రాడీపేట వారు నటాలీ హత్యతో చూపించారు. నేను దానికి రెండో కొసను చూపుతున్నాను.

ఇక ఫిలిప్ విషయం. అతడు ఆఖరి యుద్ధానికి ముందే తండ్రిని వదిలి, చిన్న ఓడలో ఒంటరిగా వెళ్లిపోయాడు. పేరు నమోదు చేయాల్సివచ్చినప్పుడు ఇనారోస్ తీసేసి నగాటా అని చెబుతాడు. ఇంటిపేరు తండ్రి నుంచే వచ్చే మన ఇళ్లలో కూర్చుని చూసేవారికి అది ఎంత మాటో విడమరచి చెప్పనక్కరలేదు. ఆమె పెంచలేదు, కలిసి ఉండలేదు, ఓడ ఇచ్చినా తీసుకోలేదు. అయినా వెళ్లిపోవచ్చు అన్న సంగతి అతనికి నేర్పింది ఆమె ఒక్కతే, అదీ తాను వెళ్లిపోయి చూపించడం ద్వారా. అతడు బతికే ఉన్నాడని ఆమెకు కథ చివరిదాకా తెలియదు. జాయిస్‌కు విల్ తిరిగి దొరికాడు, అథీనాకు హేరా దొరికింది. ప్రతిఫలం చేతికందిన ప్రేమను కొలవడం తేలిక. నా ఓటు మారదు.

నిర్వాహకులు:

ఓటింగు వచ్చే ఆదివారం సాయంత్రం వరకు తెరిచి ఉంటుంది. నాలుగు పేర్లు ఉన్నాయి: జాయిస్, అథీనా, మార్వా, నయోమీ. మౌరీన్‌ను చేర్చాలని కృష్ణలంక విద్యార్థి గారు కోరితే, అమ్మగారి అభిప్రాయం కూడా జతచేయవలసిందిగా విజ్ఞప్తి.