సిటీ ఆఫీసుతో కాంట్రాక్టు ఉంటే కౌన్సిల్‌కి పోటీ చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్కారం అండి. మా అన్నయ్యకి ప్రింటింగ్ ప్రెస్ ఉంది, ఈసారి సిటీ కౌన్సిల్‌కి ఇండిపెండెంట్‌గా నిలబడదామనుకుంటున్నాడు, ప్రెస్ లెక్కలన్నీ నేనే చూస్తా. సమస్య ఏంటంటే సిటీ ఆఫీసు రసీదు పుస్తకాలు అచ్చేసేది మేమే, సగం ఆర్డర్ ఇంకా బైండింగ్ కాకుండా టేబుల్ మీదే ఉంది, బిల్లు కూడా రావాలి. చాలా చోట్ల ఇలా కాంట్రాక్టు ఉన్నవాళ్లని అనర్హులంటారు, కొన్నిచోట్లేమో గెలిచాక ఆ సంగతి ముందే చెప్పి దాని మీద ఓటింగ్‌కి దూరంగా ఉంటే చాలంటారు. మరి నామినేషన్ లోపే సరుకు ఇచ్చేసి కాంట్రాక్టు వదులుకుంటే సరిపోతుందా, బాకీ బిల్లు ఉన్నా కాంట్రాక్టు ఉన్నట్టే లెక్కేస్తారా?

ఇంకోటి, పోస్టర్లు మా ప్రెస్‌లోనే వేస్తే మార్కెట్ రేటు కట్టి ఎన్నికల ఖర్చులో చూపిద్దామనుకుంటున్నా, ఆ బిల్లు అన్నయ్య పేరు మీదే రాయాలా?

ప్రెస్‌ని వదిన పేరుకి మార్చేయమని ఒకాయన అన్నాడు, నాకైతే అస్సలు నచ్చలేదు, రేపు ఓటేసినవాళ్లు అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్తాం. షాపు నడుపుతూ పోటీ చేసినవాళ్లెవరైనా ఉంటే, ఎన్నికల అధికారి దగ్గర ముందుగా ఏమేం అడిగి రాయించుకున్నారో కాస్త చెప్పండి, టైం చాలా తక్కువుంది.